అనంతమ్మ బొటనవేలు

తొండుపల్లి అనంతమ్మకు ఎడమచేతి బొటనవేలు లేదు. దాని పక్క రెండు వేళ్లూ లేవు. మిగిలిన రెండు వేళ్లతో మూర పూలు కూడా కట్టలేదు గానీ, నిండు గ్యాసు బండను తుంటికి ఆనించుకుని ఇంట్లోకి తెచ్చేస్తుంది. సాయం పట్టబోయినవాళ్లకు తిట్లు ఉచితం.

పదకొండేళ్లు ఆమె రైలు డబ్బాలు ఊడ్చింది. ఉమ్దానగర్ స్టేషన్ అవతల ఒక గోదాం యార్డులో ఎరువుల బండి ఆగేది. హమాలీలు సంచులు దించి వెళ్లాక, ఆడవాళ్లు చీపుర్లతో డబ్బాల్లోకి ఎక్కేవారు. డబ్బా తలుపంటే మన ఇంటి తలుపు కాదు, ఇనుప గోడ. అది మీద పడకుండా ఆనించే కడ్డీ విరిగితే, దాని బదులు కర్రముక్క పెట్టి పని నడిపించాడు కాంట్రాక్టరు హరిప్రసాద్. కర్ర ఆగదని ఆడవాళ్లు అతనికి మూడుసార్లు చెప్పారు. నాలుగోసారి ఆ తలుపే చెప్పింది. అనంతమ్మ ఎడమచేత్తో డబ్బా అంచు పట్టుకుని కిందికి దిగుతోంది అప్పుడు.

దవాఖానకు మొదటిరోజు బ్రెడ్డూ పండ్లూ మోసుకొచ్చిన హరిప్రసాద్, పరిహారం మాట వినగానే మనిషే మారిపోయాడు. ఎవరికి పుట్టిన బిడ్డో వెక్కివెక్కి ఏడుస్తోందన్నట్టు, లేబర్ ఆఫీసులో ఆమె ఎదుటే అన్నాడు.

"హాజరు పుస్తకంల ఉన్న అనంతమ్మ వేరే సార్. ఆమె పని ఇడిసిపెట్టి పోయింది. ఈ చుట్టుపక్కల నలుగురు అనంతమ్మలున్నరు."

పుస్తకం నిండా ఆమె ఎడమ బొటనవేలి ముద్రలే. పోల్చి చూడటానికి వేలు లేదు. కూలీ అని తేలితేనే చట్టం ఇచ్చే హక్కు, లేకపోతే ఏమీ లేదు. తోటివాళ్లకు రేపు మళ్లీ అదే యార్డులో పని కావాలి, అందుకే ఎవరూ నోరు మెదపలేదు.

ఆమె తరఫు వకీలు నూరీన్ శంషాబాద్ పిల్లే. "ఆధార్‌ల ఏలుముద్ర మనకు ఇయ్యరమ్మా. జర యాద్ చేసుకో. ఇంతకుముందు యాడనన్న ఏలు ఏసినవా? రిజిస్ట్రీ కాయితం గిట్ల?"

అనంతమ్మ మొహం మాడిపోయింది. "నేనేడ ఎయ్యలే" అని లేచి వచ్చేసింది.

అబద్ధం. ఇరవై ఏళ్లుగా అందరికీ చెబుతున్న అబద్ధం అది.

పెళ్లినాడు తండ్రి పసుపు కుంకుమల కింద ఎకరం చెలక ఆమె పేర రాయించాడు. జొన్న వేస్తే మనిషి కనబడనంత ఎదిగేది. విమానాశ్రయం వస్తుందని గుప్పుమన్న రోజుల్లో భర్త బిక్షం దాన్ని ఒక సేటుకు బేరం పెట్టాడు. చేను ఆమెది గనుక వేలూ ఆమెదే కావాలి. రిజిస్ట్రీ ఆఫీసులో బిక్షం ఆమె మొహంకేసి చూశాడు, అంతే. ఆమె వేలు సిరాలో ముంచి కాగితానికి ఆనించింది. కానీ బయటికొచ్చాక ఆ మాట ఎన్నడూ ఒప్పుకోలేదు. "నేను అమ్మలే, ఏలు ఏయలే, ఆయనే ఇంకెవల ఏలో ఏయించిండు" అనేది. బిక్షం చచ్చిపోయి ఆరేళ్లయినా అదే మాట. ఇప్పుడక్కడ ఎత్తైన గోడ, లోపల విమానాలెక్కే వాళ్ల కార్లు. అయినా తాను ఇచ్చానని ఒప్పుకోనంతకాలం అది తనదేనని ఆమె లెక్క. పిచ్చి లెక్కే. కానీ ఆ మట్టి కోసం ఆమె ప్రాణం ఎంత కొట్టుకుంటుందో ఆమెకే తెలుసు. వానాకాలం మొదటి జల్లు పడితే ఆ పూట అన్నం సయించదు.

మూడోనాడు నూరీన్ దగ్గరికి తనే వెళ్లింది. "ఒక్క కాయితం ఉన్నది బిడ్డా" అని మాత్రం చెప్పింది.

వాయిదా రోజు రిజిస్ట్రీ ఆఫీసు నుంచి ఆ కాగితం వచ్చింది. ముద్రలు చూసే నిపుణుడు, హాజరు పుస్తకంలోవీ ఇదీ ఒకే వేలివని రాసిచ్చాడు. ఇక అయిపోయిందనుకుంటే హరిప్రసాద్ వకీలు లేచాడు.

"ఆ వేలిముద్ర తాను వేయనే లేదని ఈమె ఊరంతా చెప్పుకుంది సార్. మరి ఈమెదని ఎలా నమ్మాలి?"

లేబర్ ఆఫీసు అధికారి ఆమె వైపు తిరిగాడు. "ఏమ్మా, ఇది మీరు వేసిందేనా?"

అనంతమ్మ కాగితం దగ్గరికి వంగింది. ముద్ర మధ్యలో అడ్డంగా సన్నటి తెల్లగీత. జొన్న కోస్తుంటే కొడవలికి తెగిన మచ్చ. పోయిన వేలు అచ్చంగా అక్కడుంది. ఆమెకు దాన్ని తడిమి చూడాలనిపించింది.

"నేనే ఏసిన సారూ," అంది అనంతమ్మ. "ఇంకెవ్వల ఏలు గాదు, నాదే. నా చేను నేనే ఇచ్చిన."

హరిప్రసాద్ దొంగకు తేలు కుట్టినట్టు కూర్చున్నాడు. యార్డులో పదకొండేళ్లు పనిచేసిన అనంతమ్మ ఈమేనని, పరిహారం ఇవ్వాల్సిందేనని అధికారి రాయించాడు.

మెట్ల దగ్గర నూరీన్ ఆమెను గట్టిగా పట్టుకుంది. "గెలిచినం అమ్మా! ఇంక ఏడుస్తవేంది?"

అనంతమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"ఇయ్యాల్టి దాంక నాదే అనుకున్న బిడ్డా. ఇగ కాదు."