గబ్బిలాల మీద పడిన నింద

ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్నవాళ్ళ గురించి సామెతలోనే విన్నాను. డెబ్భైల చివర్లో ఒక ఎండాకాలం మా ఆళ్లగడ్డలో అదే పని సర్కారు ఆర్డరు మీద జరగబోయింది. మా చర్చి ఆవరణలోని చింతచెట్లన్నీ కొట్టేయాలట. వాటి నిండా గబ్బిలాలు వేలాడుతున్నాయి, ఊళ్ళో జ్వరాలున్నాయి, కాబట్టి జ్వరం గబ్బిలాలదే. ఒళ్ళు మండే సంగతి ఇంకోటుంది. ఆ ఆర్డరుకు ఆధారం నేను కనిపెట్టిన వైరస్.

కనిపెట్టిన అని పొగరుగానే అంటున్నాను, అననివ్వండి. నంద్యాలలో అప్పట్లో అడవి జంతువుల్లో వైరస్‌లు వెతికే చిన్న ప్రయోగశాల ఒకటుండేది. నేనందులో పరిశోధకురాలిని. నల్లమల అంచుల్లో ఎలుకలు, ముంగిసలు, గబ్బిలాలు, ఏది దొరికితే దాని నెత్తురు ఐసుగడ్డల్లో పెట్టి తెచ్చేవాళ్ళం. దాన్ని అప్పుడే పుట్టిన చిట్టెలుక పిల్లలకు ఎక్కించి కాపు కాసేవాళ్ళం. పిల్లలు జబ్బుపడితే ఆ నెత్తుర్లో ఏదో ఉన్నట్టు. నెలల తరబడి ఏమీ దొరికేది కాదు. ఆళ్లగడ్డ చింతచెట్ల గబ్బిలాల నెత్తురు ఎక్కించినప్పుడు మాత్రం పిల్లలు వణికి పడిపోయాయి. మా దగ్గరున్న వైరస్‌లు వేటితోనూ అది పూర్తిగా పోలలేదు. కొత్తది! ఆ రోజు నేను భూమ్మీద నడవలేదు.

అంతకుముందు శ్రీశైలం గుహల్లోని చిన్న గబ్బిలాల్లో దొరికిన ఒక వైరస్‌తో మాత్రం ఇది కొంచెం కలిసింది. పెదనాన్న పిల్లలకూ మనకూ ముక్కు ఒకేలా ఉంటుంది చూడండి, అట్లా. రెండింటికీ ముత్తాత ఒకటే అయ్యుండాలి, ఆ ముత్తాత కూడా గబ్బిలాల ఒంట్లోనే బతికి ఉండాలి అని నేను వాదించాను. అంటే ఈ వైరస్ నిన్నగాక మొన్న ఊడిపడింది కాదు. ఆ చెట్లు పుట్టకముందు నుంచీ ఆ గబ్బిలాల్లో ఉంది. మరి ఇన్నేళ్ళూ లేని జ్వరం ఈ ఏడాదే ఎందుకొస్తుంది?

ఎవరు వింటారు? ఊళ్ళో జ్వరపడ్డవాళ్ళ నెత్తురు తెచ్చి పరీక్ష చేశారు. గుంటలున్న పలకలో ఆ మనిషి నెత్తురు గడ్డకట్టాక పైన తేరే సీరాన్నీ, వైరస్‌నూ, మా పెరట్లో పెంచే బాతుల రక్తకణాల్నీ కలుపుతాం. ఆ వైరస్ అతని ఒంట్లోకి ఎప్పుడైనా వచ్చిపోయి ఉంటే గుంట అడుగున ఎర్రటి బొట్టు నిలుస్తుంది. లేదంటే ఎరుపు పలచగా పరుచుకుంటుంది. జ్వరపడ్డవాళ్ళలో కొందరికి బొట్టు నిలిచింది. ఇంకేముంది, ఎద్దు ఈనిందంటే దూడను గాటన కట్టేయమన్నట్టు, చెట్లు కొట్టేయమని తాసిల్దారు ఆఫీసు నుంచి కాగితం వచ్చేసింది.

మా ప్రయోగశాల పెద్దసారు కోస్తా నుంచి వచ్చిన మనిషి, నెమ్మదస్తుడు. ఆయన దగ్గరికి విసురుగా వెళ్ళాను.

"జ్వరమొచ్చినవాళ్ళనే చూశాం సార్. రానివాళ్ళ నెత్తుర్లోనూ బొట్టుంటే అది పాత బొట్టే కదా?"

"ఉండొచ్చమ్మా. కానీ వాళ్ళకు గబ్బిలాలతో ఏం పని? ఇల్లిల్లూ అడిగించాం కదా, ముట్టుకోమని అందరూ చెప్పారు."

అక్కడే తప్పు జరిగింది. మా వైపు ఉబ్బసానికి గబ్బిలం మందు. మిరియాలు, వెల్లుల్లి దంచి వేసి చారు కాచి పిల్లలకు తాగిస్తారు. కానీ ప్యాంటు వేసుకుని జీపులోంచి దిగినవాళ్ళు ముక్కు చిట్లించి "మీరు గబ్బిలాలు తింటారా" అంటే ఎవరు ఒప్పుకుంటారు? అందులోనూ మా చర్చి వాళ్ళు. చదువుకుని, టీచర్లై, గంజి పెట్టిన చీరలు కట్టి, పదిమందిలో తలెత్తుకోవడం అప్పుడప్పుడే మొదలైంది. "ఛ, మేమెందుకు తింటాం" అన్నారు. సారు నమ్మారు. మిషన్ బడిలో టీచరైన మా అమ్మయితే తలుపే తీయలేదట.

"నేను తిన్నాను సార్" అన్నాను. ఆఫీసంతా తలతిప్పి చూసింది. "చిన్నప్పుడు నాకు ఉబ్బసం. ఎన్నిసార్లు తాగానో లెక్కలేదు. నా నెత్తురు తీయండి."

తీశారు. మర్నాడు పలక చూస్తే నా గుంటలో ఎరుపు పలచగా పరుచుకుని ఉంది. బొట్టు లేదు. సారు నవ్వలేదు, అది ఆయన మంచితనం. "ఇక వదిలేయమ్మా" అన్నారు. వదిలేయడం నాకు చేతకాదు. ఏడుపొచ్చింది, ఆ ఏడుపు మీద ఇంకా కోపమొచ్చింది. మధ్యాహ్నం బస్సెక్కి ఆళ్లగడ్డలో దిగాను.

అమ్మ చేట ముందేసుకుని కందులు చెరుగుతోంది.

"ఏమ్మే, చెప్పాపెట్టకుండా దిగినావ్?"

"సోమవారం చెట్లు కొట్టేస్తారంట. నేను గబ్బిలం తిన్న సంగతి మా సారుకు చెప్పేసినా."

చేట ఆగింది. "యాడ? అందరి ముందరా?"

"అందరి ముందరే."

"ఏం బుద్ధే నీకు? ఇన్నేండ్లు బళ్ళో చాకిరీ చేసి తెచ్చుకున్న మర్యాద. ఒక్క మాటతో గంగలో కలిపినావ్ కదే."

"కలిపినా. అయినా లాభం లేదు. నా నెత్తుర్లో ఏమీ లేదంట. అంత చారు తాగినా ఏమీ లేదంట."

అమ్మ చేట మళ్ళీ దగ్గరికి లాక్కుంది. కందుల్లో రాళ్ళు ఏరి పక్కన పెడుతూనే ఉంది. చివరికి తల ఎత్తకుండానే అంది.

"తాగినదానివి నువ్వు. కోసింది నేను. పొద్దంతా ఉడికిన చారులో ఏముంటాది? తోలు వొలిచేటప్పుడు దాని గోళ్ళు గీరుకోని నా చేతులు నెత్తురయ్యేవి."

నాకే తట్టాల్సిన మాట. కోపంలో ఉన్న మనిషికి ఏం తడుతుంది!

"మరి నీ నెత్తురిస్తావా మా?" అన్నాను. బ్యాగులో సిరంజి ఉంది.

"ఈడ కాదు. ఆదివారం ప్రార్థన అయినాక ఆ చింతచెట్ల కిందనే తీయ్. తలుపేసుకోని ఇస్తే నేనేదో తప్పు చేసినట్టు. బిడ్డకు ఊపిరాడకపోతే కోసినా. దొంగతనం చేసినానా?"

ఆదివారం సారును కూడా పిలిపించాను. ప్రార్థన ముగిసి జనం బయటికి వస్తుంటే అమ్మ గంజి చీర కుచ్చిళ్ళు సర్దుకుని చెట్టు కింద బెంచీ మీద కూర్చుంది. పైన గబ్బిలాలు కీచులాడుతున్నాయి. అమ్మ బడిలో పాఠం చెప్పే గొంతుతోనే చెప్పింది.

"గబ్బిలం కోసి పిల్లలకు పెట్టినోళ్ళు రాండి. నేను మొదట ఇస్తాండా."

ఎవరూ కదల్లేదు. కొందరు చెప్పుల వైపు చూశారు. సారు స్వయంగా అమ్మ చేతికి రబ్బరు పట్టీ కట్టారు, నేను సూది గుచ్చాను. సీసా నిండేసరికి వెనకనుంచి ఒక ముసలమ్మ వచ్చి "నాది గూడా తీయ్ పాపా" అని చెయ్యి చాపింది. ఆ తర్వాత ఇంకొకామె. ఆ తర్వాత బెంచీ చాల్లేదు.

ఆ రాత్రే నంద్యాల చేరి పలక వేశాం. తెల్లారి చూస్తే అమ్మ గుంటలో ఎర్రటి బొట్టు, నుదుటి కుంకుమంత ముద్దగా. కోసినవాళ్ళలో చాలామందికి అదే బొట్టు. వాళ్ళెవరికీ ఆ ఏడాది జ్వరం రాలేదు. అంటే ఆ బొట్టు ఎప్పుడో గబ్బిలం కోసినప్పుడు అంటిన పాతదే, ఈ జ్వరానికి గుర్తు కాదు. సారు ఆ పలక పట్టుకుని తానే జీపెక్కి తాసిల్దారు దగ్గరికి పోయారు. గొడ్డళ్ళు పట్టుకుని వచ్చినవాళ్ళు అప్పటికే ఒక చెట్టు పడగొట్టారు. మిగతావి నిలిచాయి. జ్వరం దోమలదని తర్వాత తేలింది.

ఎనభైల చివర్లో దూరపు పట్నంలోని పెద్ద ప్రయోగశాల ఒకటి మా రెండు వైరస్‌ల జన్యువుల్లో కొంత భాగం చదివింది. అవి దాయాదులే. నేనన్నది నిజమైందని ఇప్పటికీ అందరికీ చెప్పుకుంటాను, వినేవాళ్ళకు విసుగొచ్చినా సరే.

అమ్మకు మాత్రం ఊళ్ళో కొత్త పేరు నిలిచిపోయింది. ఒకసారి ఆళ్లగడ్డ బస్టాండులో ఇద్దరం నిలబడి ఉంటే, పక్కనున్న పెద్దమనిషి ఆమెను ఎగాదిగా చూసి, "గబ్బిలాల టీచరమ్మంటే నువ్వేనా?" అని నవ్వాడు. నేను నోరు తెరిచేలోపే అమ్మ అతని వైపు తిరిగింది.

"నేనేనప్పా. ఈ చేతుల్తోనే కోసినా. ఈ బిడ్డకే పెట్టినా. చూడు, ఎట్లుండాదో."