నాన్నగారి మోకాళ్ల గుర్తులు

ఈ రోజు మా నాన్నగారి తిథి. గతించిన పెద్దలను తిలోదకాలతో తృప్తిపరచి, వారు కూర్చున్న చోటు చెంత ఒక్క గడియ మౌనంగా ఉండవలసిన దినం...

మా చిన్నప్పుడు... బొబ్బిలిలో మా ఇంట ఎర్రని ఉన్ని తివాచీ ఒకటుండేది. నాన్నగారు ప్రతి సాయంకాలం దాని మీద బాసింపట్టు వేసుకుని పురాణం చదివేవారు. తడికాళ్లతో దాని అంచు తొక్కినా అమ్మ ఊరుకునేది కాదు.

ఏళ్ల తరబడి ఒకేచోట కూర్చోగా ఆ ఉన్నిలో రెండు గుంటలు పడ్డాయి... వారి మోకాళ్ల గుర్తులు. ఇంట్లో వారి ఛాయాచిత్రమైనా లేదు. మాకు మిగిలినవి ఆ గుంటలే. అందుకే ఏటా తిథినాడు మాత్రమే తివాచీ పరుస్తాము.

ఈ మధ్యాహ్నం మనవరాలూ మనవడూ చెంబులో సబ్బుపొడి కలిపి, బొప్పాయి కాడతో బుడగలు ఊదుతూ... చెంబెడు నీళ్లూ సరిగ్గా ఆ గుంటల మీదే ఒలకబోశారు.

శుద్ధికి జలమే పరమసాధనమని నమ్మినవాణ్ణి. బిందెడు నీళ్లు పోశాను. నురగ పొంగింది. మరో బిందె పోశాను... పాలపొంగులా లేచింది. ఉన్నికి కుంకుడురసమే మేలని మా ఆవిడ గిన్నెడు తెచ్చి పోసింది. నురగ రెట్టింపయింది. కోడలు ఫోనులో ఉపాయం వెతకబోతే నెట్టు గుండ్రంగా తిరుగుతూనే ఉంది. జలాన్ని స్తుతించే మంత్రాలెన్నో కంఠస్థమైన నేను, కొబ్బరిపీచు పట్టుకుని ఏమీ తోచక రుద్దుతూ చతికిలబడ్డాను.

అంట్లు తోమడానికి వచ్చిన పైడమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏటి బాబూ ఈ పని? నీల్లు పోసినకొద్దీ పొంగుతాది గానీ తగ్గుతాదేటి? ఆ పీసు అవతల పడీండి. పొడిగుడ్డేసి ఒత్తండి, సాలు."

పాత పంచెలు నాలుగు వేసి ఒత్తాము. నురగ పోయింది. రంగు నిలిచింది. కానీ నేను రుద్దిన చోట ఉన్ని అంతా లేచి నిలబడింది... గుంటలు లేవు. అరచేత్తో తడిమి తడిమి చూశాను. పిల్లల్ని ఏమని కోప్పడను? వాళ్లు ఒలికించింది సబ్బునీరే. గుర్తులు చెరిపింది నా చేయి.

నా ముఖం చూసి కాబోలు, మనవరాలు మెల్లగా వచ్చి ఆ తడి ఉన్ని మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"నేను కూసుంటాను తాతా. మల్లీ పడతాయి."

తడికాలు పెట్టనివ్వని ఇంట్లో పెరిగినవాణ్ణి... లేవమ్మా అనలేకపోయాను.

మీ ఇళ్లలో పెద్దల గుర్తు ఏ గడప మీదనో, ఏ గోడ మీదనో మిగిలి ఉందా? ఉంటే చెప్పండి... కడిగే ముందు ఒక్కసారి చూసుకోండి.

ఆ పసి మోకాళ్లు నూరేళ్లు చల్లగా ఉండుగాక. వాటి కింద ఆ ఉన్ని మళ్లీ అణుగుగాక.