కొంగున కట్టని ప్రసాదం

ప్రసన్నలక్ష్మి నోరు రాజమండ్రిలో సగం వీధులకు తెలుసు. చాలా ఏళ్లు చెత్తబండి తోలిన మనిషి. తడిచెత్తలో సీసాపెంకులు కలిపారంటే ఎంత పెద్ద మేడయినా సరే, గుమ్మంలో నిలబడి కడిగి ఆరేసేది. "మీ చేతికి గుచ్చుకుంటే డాక్టరు దగ్గరికి పరిగెడతారు, నా చెయ్యి మాత్రం ఇనపదా అండి?" అని దులిపేసేది. అన్ని తిట్లలోనూ ఆ "అండి" మాత్రం వదిలేది కాదు. గోదారి నీళ్ల మహిమ, ఏం చేస్తాం!

అలాంటి మనిషిని ఆ చెత్తబళ్లు నడిపే కంపెనీవాళ్లు బండి దింపి తనిఖీ పనిలో పెట్టారు. ఊళ్లో పోగేసిన ప్లాస్టిక్కు ఊళ్లోనే ఉండిపోదు కదా. చుట్టుపక్కల షెడ్లకు వెళ్తుంది. అక్కడ ఆడా మగా కూలీలు దాన్ని ఏరి, కడిగి, ఆరబెట్టి ఫ్యాక్టరీకి పంపుతారు. ఆ షెడ్లలో ఎవరినీ నిర్బంధించి పని చేయించకూడదని, అలా చేయించేవాడికి తమ సరుకు ఇవ్వకూడదని కంపెనీ నియమం పెట్టుకుంది. ప్రసన్నలక్ష్మి వెళ్లి కూలీలతో మాట్లాడి రావాలి. ఆధార్ కార్డు ఎవరి దగ్గరుంది, ఫోను ఉందా, మానేస్తానంటే మానెయ్యనిస్తారా, ఇవన్నీ అడగాలి. "ఈ రోజుల్లో బానిసలేంటండీ బాబూ, ఇంకా నయం!" అని మొదట్లో ఆవిడే పకపకా నవ్వింది. అలా నవ్వినందుకు తర్వాత తన చెంపలు తనే వాయించుకుంది.

ఆవేళ ఆవిడ అన్నవరం నుంచి వచ్చిన మర్నాడు. మనవడి పేరున సత్యనారాయణస్వామి వ్రతం చేయించుకుని, సంచీ నిండా ప్రసాదం పొట్లాలు తెచ్చింది. అన్నవరం వెళ్లినవాళ్లు ఒట్టి చేతులతో రారు, తెచ్చింది దాచుకుని ఒక్కళ్లే తినరు. పొద్దున్నే ఆఫీసులో పంచింది. మేనేజరు నిరంజన్ గారికీ ఒక పొట్లం ఇచ్చింది. వ్యాను డ్రైవరు ఆశీర్వాదం లూథరన్ చర్చిలో పెద్ద, ప్రసాదం ముట్టడు. ఆ సంగతి తెలిసే ఏటా ఆవిడ ఇస్తుంది, ఏటా ఆయన అదే మాట చెబుతాడు.

"మీ భక్తికి దణ్ణం అక్కా. మా పక్కింటి పిన్నిగారికి ఇస్తాన్లెండి" అని పొట్లం తీసుకుని స్టీరింగు ముందు భద్రంగా పెట్టుకున్నాడు.

"తినకపోతే మానెయ్యి, బ్రేకుల మీద మాత్రం దృష్టి పెట్టు నాయనా" అంది ఆవిడ.

ఇద్దరూ సామర్లకోట దాటి, కాలవ పక్కన ఒక పాత మిల్లు ఆవరణలో ఉన్న షెడ్డుకు వెళ్లారు. దాని యజమాని వీరబ్రహ్మం. అబ్బో, ఆ మర్యాద చూడాలి! గేటు దాకా ఎదురొచ్చి, కుర్చీ తనే తుడిచి, కాఫీ తెప్పించాడు. "మా దగ్గర పనివాళ్లంటూ ఎవరూ లేరండి, అందరూ మా పిల్లలేనండి" అన్నాడు. ఆవిడకు ముచ్చటేసింది. తేనె పూసిన కత్తి అని అప్పుడు ఎవరికి తెలుసు?

షెడ్డులో ఆడవాళ్లు ప్లాస్టిక్కు గుట్టల మధ్య కూర్చుని ఏరుతున్నారు. ప్రసన్నలక్ష్మి ఒక్కొక్కరినే అడిగింది. కార్డులు మా దగ్గరే ఉన్నాయండి, సాయంత్రం ఇంటికెళ్లిపోతామండి అన్నారు. అందరూ అదే మాట, అదే వరస. నాగదుర్గ అనే బక్కపలచని పిల్ల కూడా తలెత్తకుండా "ఇంటికెళ్లిపోతామండి" అంది. వంక పెట్టడానికి ఏమీ లేదు.

సరే, పని అయిపోయిందనుకుని ఆవిడ సంచీ విప్పి పొట్లాలు పంచింది. ఆడవాళ్లు కళ్లకద్దుకున్నారు, ఆవురావురుమంటూ తిన్నారు, ఆకుకు అంటుకున్న నెయ్యి కూడా వేలితో తుడిచి నాకారు. ఎంత ఇష్టంగా తిన్నారో తల్లులు అని ఆవిడ మురిసిపోయింది. వీరబ్రహ్మం భక్తిగా ఒక్క పలుకు నోట్లో వేసుకుని, మిగతాది మడిచి జేబులో పెట్టుకున్నాడు.

తిరుగుదారిలో ఎండ అద్దంలోంచి కొడుతోంది. స్టీరింగు ముందున్న ఆశీర్వాదం పొట్లం జారిపోతుంటే ప్రసన్నలక్ష్మి పట్టుకుని సరిగ్గా పెట్టింది. పెట్టిన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

తిననివాడు కూడా ఇంటికి పట్టుకెళ్తున్నాడు!

మన వైపు అన్నవరం ప్రసాదం చేతిలో పడితే ఎవరైనా ఏం చేస్తారు? కాస్త నోట్లో వేసుకుని మిగతాది ఇంటికి దాస్తారు. మగవాళ్లు జేబులో పెడతారు, ఆడవాళ్లు కొంగున ముడేస్తారు. ఇంట్లో ఉన్నవాళ్ల వాటా అది. ఒకరు చెప్పక్కర్లేదు, చెయ్యి దానంతటదే మడుస్తుంది. సాయంత్రం ఇంటికెళ్లే తల్లి ఎవరైనా పిల్లల వాటా మిగల్చకుండా ఆకు నాకుతుందా? అంతమంది ఆడవాళ్లలో ఒక్కరి కొంగుకూ ముడి పడలేదు. ఆ షెడ్డులో ప్రసాదం ఇంటికి దాచుకున్నది వీరబ్రహ్మం ఒక్కడే.

ప్రసన్నలక్ష్మి సీట్లో నిటారుగా కూర్చుంది. "ఓరి నాయనో! స్వామీ, నీకు దణ్ణం!" అని చేతులెత్తి మొక్కింది.

ఆశీర్వాదం బ్రేకు మీద కాలేశాడు. "ఏంటక్కా, ఏమైంది?"

"వాళ్లు ఇంటికెళ్లట్లేదు ఆశీర్వాదం. వాళ్లని వెళ్లనివ్వట్లేదు. నడుపు, తొందరగా నడుపు!"

ఆఫీసులో నిరంజన్ అంతా విని నుదురు రుద్దుకున్నాడు. మంచివాడే, కానీ పద్ధతి మనిషి. "అనుమానం వస్తే ముందు యజమానికి నోటీసు ఇవ్వాలండి. అది మన రూలు."

"నోటీసు అందిన గంటలో అందరినీ లారీ ఎక్కించేస్తాడండి. తర్వాత ఏ ఊళ్లో వెతుకుతాం, ఎవరినని వెతుకుతాం?"

"పోనీ అధికారులకే చెబుదాం. ఆధారం ఏంటని అడిగితే నేనేం చెప్పను? ప్రసాదం తినేశారని చెప్పనా?"

ప్రసన్నలక్ష్మికి కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ క్షణాన మాత్రం అది ఎటు పోయిందో, గొంతు చాలా నెమ్మదిగా వచ్చింది. "పొద్దున్న మీకిచ్చిన పొట్లం ఏం చేశారండి?"

నిరంజన్ క్యారేజీ సంచీలో చెయ్యి పెట్టాడు. సగం తిని, చక్కగా మడిచి, మీద కాగితం చుట్టి ఉంది పొట్లం. కాసేపు దాని వంకే చూశాడు. "మా అమ్మాయికండి" అన్నాడు, వెంటనే ఆర్డీవో ఆఫీసుకు ఫోను చేశాడు.

మర్నాడు పొద్దున్నే ఆర్డీవో గారు పోలీసులతో వచ్చారు. కట్టలు కట్టి పేర్చిన ప్లాస్టిక్కు బేళ్ల గోడ వెనక ఒక రేకుల గది, తలుపుకు బయటి గడియ. లోపల వరసగా చాపలు. వీరబ్రహ్మం చెమటలు తుడుచుకుంటూ, "ఎండకి కాసేపు నడుం వాలుస్తారండి, అంతేనండి" అంటున్నాడు. ఆర్డీవో గారు ఆడవాళ్లను పక్కకు పిలిచి, "భయపడకండమ్మా, నిజం చెప్పండి, మీరు ఉండేది ఎక్కడ?" అని ఎంతో లాలనగా అడిగారు.

"సాయంత్రం ఇంటికెళ్లిపోతామండి" అన్నారు. మళ్లీ అదే మాట! పోలీసు బట్టలు చూసి ఇంకా బిగుసుకుపోయారు. వాళ్లు నోరు విప్పకపోతే వచ్చినవాళ్లు వచ్చినట్టే వెళ్లిపోవాలి. ఆ తర్వాత ఆ గడియ మళ్లీ పడుతుంది. ప్రసన్నలక్ష్మి గబగబా సంచీ తడిమింది.

ఆవిడ సంచీలో ఇంక ఒక్క పొట్లమే ఉంది, మనవడి వాటా. అది తీసి నాగదుర్గ చేతిలో పెట్టింది.

"ఇది నీకు కాదే అమ్మా. నీ ఇంట్లోవాళ్లకి."

నాగదుర్గ పొట్లం వంక చూసింది. కొంగు చివర పట్టుకుని, పొట్లం అందులో పెట్టి, ఒక ముడి వేసింది. దాని మీద ఇంకో ముడి వేసింది. అప్పుడు ఎక్కడి నుంచి వచ్చిందో ఆ గొంతు! అంత సన్నపు పిల్లలోంచి షెడ్డు రేకులు అదిరేలా వచ్చింది.

"మా పాప రంపచోడవరం అవతల మా అమ్మ దగ్గరుందండి! నడక వచ్చీరాని పిల్లని వదిలేసి వచ్చి రెండేళ్లయిందండి! అడ్వాన్సు తీసుకున్నానని నన్ను పంపట్లేదండి! కార్డు ఇవ్వట్లేదు, ఫోను ఇవ్వట్లేదు, అడిగితే కొడుతున్నాడండి!"

ఆ ఒక్క గొంతు చాలింది. గట్టు తెగిన కాలవలా అందరూ ఒక్కసారే మాట్లాడారు. ఎవరి ఊరు, ఎవరి పిల్లలు, ఎవరి ముసలితల్లి... ఆర్డీవో గారు రాసుకుంటున్న చెయ్యి ఆపి కళ్లు తుడుచుకున్నారు. అంతటి నోరుగల ప్రసన్నలక్ష్మి కూడా ఆ పిల్ల ముందు చేతులు జోడించి నిలబడిపోయింది. వీరబ్రహ్మం బీరువా తెరిపిస్తే అందరి కార్డులూ అందులోనే దొరికాయి. పోలీసులు అతన్ని అక్కడే జీపు ఎక్కించారు.

వెట్టి నుంచి విడిపించినట్టు ఆర్డీవో గారిచ్చే విడుదల పత్రాలు చేతికొచ్చాక నాగదుర్గను ఊరికి దింపడానికి ప్రసన్నలక్ష్మి తనే బయల్దేరింది. ఆశీర్వాదం సెలవు పెట్టి మరీ వ్యాను తీశాడు. దారి పొడుగునా ఆ పిల్ల కొంగు ముడి మీద నుంచి చెయ్యి తియ్యలేదు. నెయ్యి పట్టిన ప్రసాదం, చెడదు.

కొండవాలులో పూరిల్లు. అమ్మమ్మ నీళ్లకెళ్లినట్టుంది, వాకిట్లో ఒక చిన్నపిల్ల చింతగింజలతో ఆడుకుంటోంది. వ్యాను దిగిన మనుషుల్ని చూసి గుమ్మంలోకి నక్కింది. నాగదుర్గను కూడా అందరినీ చూసినట్టే చూసింది. తల్లిని గుర్తుపట్టే వయసులో తల్లి దగ్గర లేదు కదా! నాగదుర్గ దగ్గరకు తీసుకోబోయి, భయపడుతుందేమోనని ఆగిపోయింది. నేల మీద కూర్చుని, మెల్లగా కొంగు ముడులు విప్పి పొట్లం తెరిచింది.

నేతి వాసనకు పిల్ల ఒక్కో అడుగూ ముందుకేసింది. రెండు చేతులూ దోసిలి పట్టింది. కొంచెం నోట్లో వేసుకుని చప్పరించింది, నవ్వింది. ఆ తర్వాత మిగిలినదాన్ని గుప్పిట్లో పెట్టి గట్టిగా మూసుకుంది.

"అదీ తినమ్మా" అంది నాగదుర్గ.

పిల్ల తల అడ్డంగా ఊపింది. "ఊహూ, ఇది మా అమ్మకి. పనికెళ్లింది, వస్తది."

ఆశీర్వాదం వ్యాను వైపు తిరిగిపోయాడు. 

నాగదుర్గ పిల్ల ముందు చెయ్యి చాపింది.