అక్క తినని రొట్టె

మా చర్చిలో నెలకోసారి, మొదటి ఆదివారం, ప్రభువు బల్ల ఉంటుంది; యేసు చివరి విందుకు గుర్తుగా అందరూ తలా ఒక రొట్టెముక్క, కాస్త ద్రాక్షరసం తీసుకుంటారు. పద్నాలుగేళ్ళపాటు ఆ బల్ల మీదికి రొట్టె చేసింది మా అక్క. ఆ పద్నాలుగేళ్ళలో అందులోంచి ఒక్క ముక్క కూడా నోట పెట్టుకోలేదు.

ఆఖరి బెంచీలో నా పక్కనే కూర్చునేది. పళ్ళెం వస్తే రెండు చేతులా అందుకుని, అంతే మర్యాదగా నాకు అందించేది. చూసేవాళ్ళు ఆమె కూడా తీసుకుందనే అనుకోవాలి. అంత నేర్పు.

అక్క బేకరీలో పనిచేసేది. పదిహేడో ఏట పిండి పిసకడానికి చేరి, పాతికేళ్ళకల్లా బట్టీ దగ్గరికి వచ్చింది. పొడుగు కర్రకు బిగించిన చెక్క పలకతో రొట్టెల్ని లోపలికి తోయడం, బయటికి లాగడం ఆమె పని. మోచేతుల దాకా కాలిన చారలు. "నీ చేతులు చూస్తే జీబ్రా గుర్తొస్తోందక్కా" అంటే, "నీ మొహం చూస్తే ఏం గుర్తొస్తుందో చెప్పమంటావా?" అనేది. గడియారం వైపు చూసేది కాదు. రొట్టె రంగు చూసి, అడుగున వేలితో తట్టి, ఆ చప్పుడును బట్టి కాలిందో లేదో చెప్పేది.

అమ్మ పోయిన రోజు గురించి చెప్పక తప్పదు. అంతకు మూడు నెలల ముందు అక్కకు వచ్చిన ఒక సంబంధాన్ని అమ్మ కాదంది. అప్పట్నుంచి అక్క అమ్మతో మాటలు మానేసింది. ఒకే ఇంట్లో ఉంటూ, కూర గిన్నె ఇటు జరపమనాలన్నా నాతో చెప్పించేది. ఆ మధ్యాహ్నం అమ్మకు ఊపిరి అందలేదు. అక్కను పిలుచుకు రమ్మంది. నేను బేకరీకి పరిగెత్తాను.

"అక్కా, అమ్మ రమ్మంటోంది. బాగోలేదు."

"బట్టీలో రొట్టెలున్నాయి. తీశాక వస్తా."

"ఇంకెవరైనా తీస్తారు, రా!"

"తీశాక వస్తానన్నానా!"

పక్కనే ఇద్దరు పనివాళ్ళు ఖాళీగా కూర్చుని ఉన్నారు. అది నాకు కనిపించింది, ఆమెకూ కనిపించింది. ఆమె వచ్చేసరికి అమ్మ లేదు. గుమ్మంలో నిలబడ్డ అక్క చేతులకు ఇంకా పిండి అంటుకునే ఉంది. నేను అందరి ముందూ అన్నాను: "రొట్టెలు మాడిపోకుండా చూసుకున్నావుగా, చాలు. ఇంక ఏడవకు."

నిజంగానే ఏడవలేదు. నెల తిరిగాక చర్చికి వెళ్ళి, ఇకమీదట బల్లకు రొట్టె తానే చేస్తానని చెప్పింది.

బుధవారం, శుక్రవారం ఉపవాసం. మంచినీళ్ళు కూడా ముట్టకుండా బట్టీ ముందు నిలబడి రెండుసార్లు కళ్ళు తిరిగి పడిపోయింది. శనివారాలు మోకాళ్ళ మీద పాకుతూ చర్చి నేలంతా తుడిచేది. మంచం పట్టిన ముసలమ్మ ఏ వీధిలో ఉన్నా వెళ్ళి స్నానం చేయించి వచ్చేది. ఇక బల్ల రొట్టె సంగతయితే చెప్పనక్కర్లేదు. పైన వెంట్రుకవాసి పగులు కనబడినా పక్కన పడేసి మళ్ళీ పిండి కలిపేది. అందరూ అబ్బో, ఎంత భక్తి అన్నారు. నేనూ అదే అనుకున్నాను. నా మాట ఆమెను వెంటబడి తరుముతోందని నాకు తట్టలేదు. తట్టిందేమో, పైకి రానివ్వలేదు.

చర్చి అయ్యగారు ముసలాయన. పళ్ళెం ఆమె చేతుల్లో ఆగకుండా పోవడం ఆయన చాలాకాలంగా చూస్తూనే ఉన్నారు. ఒకసారి మెట్ల దగ్గర ఆపి అడిగారు.

"అమ్మాయ్, వండి వడ్డించి నువ్వు పస్తుంటే ఎట్లా?"

"నాకింకా యోగ్యత రాలేదు అయ్యగారూ."

"ఎప్పుడొస్తుంది?"

"రొట్టె అయితే రంగు చూసి చెప్తాను. నా రంగు నాకు తెలియడం లేదు."

"నీ చేత రొట్టె కాల్పించుకోవడానికేనా ప్రభువు వచ్చింది? ఇవ్వడానికి వచ్చాడమ్మా."

ఆమె నవ్వి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది.

తర్వాత గొంతులో గడ్డ బయటపడింది. ఆరు నెలల్లో మనిషి సగమయింది. ముద్ద దిగడం మానేసింది, ఆపైన గొంతు కూడా పోయి గుసగుస మిగిలింది. బట్టీ ముందు అంతసేపు నిలబడ్డ మనిషి మంచం దిగలేకపోయింది. ఆ నెల మొదటి ఆదివారానికి ముందురోజు ఆమెకు ఒకటే బెంగ.

"రొట్టె ఎవరు చేస్తారు?"

"నేను."

"నువ్వా! నీళ్ళు కాచమంటే గిన్నె మాడ్చావు."

మంచాన్ని వంటింటి గుమ్మం దగ్గరికి జరిపించుకుంది. పిలవడానికి గొంతు లేదు కనక, ఒక చప్పట్ల లెక్క పెట్టుకుంది. ఒకసారి కొడితే ఇంకా పిసుకు, రెండుసార్లు కొడితే చాలించు. చాలాసేపు ఒంటి చప్పట్లే. ముద్ద మీద తడిగుడ్డ కప్పి, పొంగేదాకా ముట్టుకోకు అంది. ఈలోగా మందు మత్తుకి నిద్రపోయింది. లేపడానికి మనసొప్పక, నాకు తోచినప్పుడు కాల్చాను.

రొట్టె ఇటుకరాయిలా తయారైంది. ఒక అంచు నల్లగా మాడింది. నడినెత్తిన అడ్డంగా బీట. ఆమె కంటపడకుండా, అక్క బల్ల రొట్టెకు వాడే తెల్లగుడ్డలోనే చుట్టి ఆదివారం పొద్దున్నే పట్టుకుపోయాను.

ఆ మధ్యాహ్నం అయ్యగారు నాతో ఇంటికి వచ్చారు. పళ్ళెంలో మిగిలిన సగం రొట్టె, చిన్న గిన్నెలో ద్రాక్షరసం. అక్క పళ్ళెం వంక చూసింది. వేలు చాచి ఆ రొట్టె అడుగున తట్టింది. అది పలకలేదు.

"దీన్ని బల్ల మీద పెట్టారా?"

"పెట్టానమ్మా" అన్నారు అయ్యగారు.

"ఏమీ అనలేదా?"

"ఎవరు, నేనా, ఆయనా?"

అక్క ఆ మాడిన అంచును చాలాసేపు చూసింది. "నేనైతే పారేసేదాన్ని" అంది. తర్వాత భుజాలు కదిలాయి. నవ్వుతోందనుకున్నాను. ఏడుస్తోంది. పద్నాలుగేళ్ళ క్రితం నేను వద్దన్న ఏడుపు.

అయ్యగారు పళ్ళెం నా చేతిలో పెట్టి కిటికీ దగ్గరికి వెళ్ళారు.

"అక్కా, ఆ రోజు నేనన్న మాట..." పళ్ళెం మంచం మీద పెట్టాను. "ఆ మాట తప్పు."

"తప్పేం కాదురా. ఇద్దరు ఖాళీగానే ఉన్నారు. నేనే వెళ్ళలేదు. అమ్మ చూసి చూసి పోయింది." ఊపిరి తీసుకుంది. "నిజమే. అయినా పెట్టు."

కందిగింజంత తుంచి, ద్రాక్షరసంలో నానబెట్టి, నాలుక మీద పెట్టాను. మింగుడు పడలేదు. దగ్గింది. రసం గడ్డం మీదుగా కారి దుప్పటి మీద పడింది. తుడవబోతే చెయ్యి పట్టుకుని ఆపింది. మూడోసారి గుటక దిగింది. కళ్ళు మూసుకుని, "ఉప్పు మర్చిపోయావు" అంది.

పదకొండు రోజులు ఉంది. నేల తుడవాలని, ఉపవాసం తప్పిపోతోందని మళ్ళీ అనలేదు. అమ్మ సంగతులు చెప్పింది, నవ్వే సంగతులు. అంత తేలికపడ్డ మనిషిని ఇంకొన్నాళ్ళు ఉంచితే ఏం పోయేదని నేను దేవుణ్ణి అడిగాను, ఇప్పటికీ అడుగుతున్నాను.

ఇప్పుడు రొట్టె నేనే చేస్తున్నాను. ఉప్పు మర్చిపోవడం లేదు. బీట మాత్రం వస్తూనే ఉంది. గుమ్మం దగ్గర మంచం లేదు కనక ఎప్పుడు చాలించాలో తెలియక చేతులు నొప్పెట్టేదాకా పిసుకుతాను. బీట వచ్చిన రొట్టెనే గుడ్డలో చుట్టి తీసుకుపోతాను. ఆఖరి బెంచీలో పళ్ళెం ఇప్పుడు నాకు నేరుగా రాదు. ఖాళీ చోటు అవతలి మనిషి చెయ్యి చాచాలి, నేనూ చాచాలి. మధ్యలో అది ఒక్క క్షణం అక్క కూర్చునే చోటు మీద ఆగుతుంది.