రెండుసార్లు హారన్

మొన్న ఆదివారం మా అన్న కొడుకు కొత్తగా కొన్న కరెంటు కారులో సత్తుపల్లిలోని మా ఇంటికి వచ్చి, భోంచేసి, సాయంత్రం బయలుదేరాడు. వాడికి ఇద్దామని మామిడికాయ తొక్కు సీసా పట్టుకుని మా ఆవిడ వాకిట్లో కారు పక్కనే నిలబడి ఉంది. వాడు గమనించలేదు. కారు చప్పుడు లేకుండా కదిలి, వీధి మలుపు తిరిగి వెళ్ళిపోయినా ఆమెకు తెలియలేదు. అక్కడ లేని కిటికీ వైపు సీసా చాపి, నూనె పైకి తేలాకే తినమని చెబుతూనే ఉంది. నేను అరుగు దిగి వెళ్ళి సీసా అందుకున్నాను. ఆమె గోడ తడుముకుంటూ లోపలికి వెళ్ళింది.

నేను ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనిలో డంపర్ అనే ఇల్లంత లారీ నడిపి రిటైరైనవాణ్ణి. గనిని మేం బాయి అంటాం. డంపర్ మీద కూర్చుంటే చక్రం పక్కన నిలబడ్డ మనిషి కనబడడు, అందుకని ముందుకు కదిలే ముందు రెండుసార్లు, వెనక్కి తీసే ముందు మూడుసార్లు హారన్ కొట్టి తీరాలి. ఆ అలవాటు చేతికి ఎంతగా పట్టిందంటే, సొంత జీపులో కూరగాయలకు వెళ్ళినా, చావింటి నుంచి వస్తున్నా రెండు కొట్టకుండా కదిలేవాణ్ణి కాదు. చుట్టాలంతా నన్ను ఆట పట్టించేవాళ్ళు. బాయిలో ఎంత నడిపినా దిగిన గోతిలోంచి ఎక్కడమే తప్ప ఎటూ పోయేది లేదు గనుక, రిటైరయ్యాక రోడ్డు ఎటు పోతే అటు పోదామని మా ఆవిడ దగ్గర గొప్పలు పోయేవాణ్ణి.

తీరా రిటైరైన ఏడాదే ఆమె కళ్ళలో నీటికాసులని ఖమ్మం దవాఖానాలో తేల్చారు. ముందు పక్కచూపు పోతుందనీ, చుక్కల మందు వేస్తే పోవడం ఆలస్యమవుతుందే తప్ప పోయింది తిరిగి రాదనీ డాక్టరు నెమ్మదిగానే చెప్పాడు. ఇక ఇల్లు కదలకూడదని నేననుకున్నాను. జూలూరుపాడులో పుట్టి సత్తుపల్లికి కాపురానికి వచ్చిన మనిషి, ఈ అడవి అంచు దాటి పెద్దగా ఏమీ చూసింది లేదు. "కండ్లున్నప్పుడే చూసొద్దామయ్యా. పోయినంక ఎట్లాగూ నువ్వు జెప్తే వినుడే గదా," అంది. చుక్కల సీసాలు, బియ్యం, కారం, ఒక పొయ్యి జీపులో పెట్టుకుని చలికాలం మొదట్లో బయలుదేరాం.

ఒరిస్సా మీదుగా బెంగాలు చేరి, బంగ్లాదేశ్‌లోకి జీపు తీసుకుపోయే కాగితాలు కుదరక, దాన్ని సరిహద్దు ఊరి లాడ్జీలో వదిలి అక్కడంతా బస్సుల్లోనే తిరిగాం. ఆ బస్సులవాళ్ళు హారన్ మీంచి చెయ్యి తీయరు. దేశం దేశమంతా మీ బాయిలోనే పనిచేసినట్టున్నారని మా ఆవిడ నవ్వింది. మళ్ళీ జీపెక్కి ఉత్తరానికి పోతుంటే, నా కళ్ళు రోడ్డు మీద ఉంటాయి గనుక, తేయాకు తోటలనీ, గొడుగులు వేసుకుని బడికి పోయే పిల్లలనీ ఆమే చూసి నాకు చెప్పేది. ఆ కబుర్లు కొన్నాళ్ళకు తగ్గాయి, అలసట అనుకున్నాను.

భూటాన్‌లో హారన్ కొట్టడం అమర్యాద. పొద్దున్నే బస ముందు రెండు కొట్టేసరికి కిటికీలు తెరుచుకునేవి. ఒక పోలీసాయన చెయ్యెత్తి, నవ్వుతూనే, వద్దన్నాడు. సిగ్గేసి మానేశాను. తరవాత ఒక కనుమ దగ్గర టీ తాగి, ఆమె ఇంకా కొట్టు దగ్గరే ఉందనుకుని, హారన్ లేకుండా జీపు వెనక్కి తీశాను. టీకొట్టు మనిషి అరిచాడు. దిగి చూస్తే వెనక చక్రం ఆమె చెప్పు మీదికి ఎక్కి ఆగి ఉంది. కాలు అప్పటికే లాక్కుంది.

నేను వంగి ఆమె పాదం తడిమి చూశాను. "పక్కకున్నది కనబడతలేదు. ఇన్నాళ్ళూ నీ హారన్ వినే తప్పుకుంటున్న. చెప్తే ఎనకకు తిప్పుతవని చెప్పలే," అంది. నేను నిజంగానే వెనక్కి తిప్పుదామనుకున్నాను. ఆమె నలిగిన చెప్పు అక్కడే వదిలేసి, ఒంటి చెప్పుతో వచ్చి తన సీట్లో కూర్చుని, ఎదురుగా రోడ్డు వైపు చూస్తూ ఉండిపోయింది. ఆ లోయలో ఎవరేమనుకున్నా సరేనని గట్టిగా రెండుసార్లు కొట్టి, జీపు ముందుకే పోనిచ్చాను.

నేపాల్‌లో ఒక గది కిరాయికి తీసుకుని వానాకాలమంతా ఉన్నాం. వానలు వెలిసిన ఒక ఉదయం మబ్బు విడిపోయి మంచుకొండ బయటపడింది. ఆమెకు ఎంత కనబడుతోందో అడగడానికి భయపడి ఊరుకున్నాను. ఆమే చెప్పింది. "దగ్గర్లవి సగం సగమే కనబడతన్నయ్ గాని, ఇది దూరముంది గదా, మొత్తం కనబడ్డది." ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది, సంతోషంతోనే.

అవన్నీ జరిగి ఏళ్ళయింది. జీపు షెడ్డులో తుప్పు పడుతోంది, ఆమెకు ఇప్పుడు వెలుతురు తప్ప ఏమీ తెలియదు. సాయంత్రాలు అరుగు మీద కుర్చీల్లో కూర్చుంటాం, వీధిలో పోయేవాటి గురించి నేను చెబుతాను. లేచే ముందు చేతికర్రతో నేల మీద రెండుసార్లు తడతాను, పోయి రమ్మంటుంది. అన్న కొడుక్కి ఫోన్ చేసి, వచ్చినప్పుడు హారన్ కొట్టి కదలమన్నాను. "గిప్పుడెవరు కొడుతున్నరు చిన్నాయనా, బాగుండదు," అన్నాడు. వాడి తప్పేమీ లేదు. మన రోజుల్లో కదిలే ప్రతిదీ చెప్పి కదిలేది, ఇప్పుడు చప్పుడు చేయకపోవడమే మర్యాదైంది. కాకపోతే ఆ తొక్కు సీసా చూసినప్పటి నుంచి నాకొక భయం పట్టుకుంది. ఏదో ఒక సాయంత్రం నేను కర్ర తట్టకుండానే వెళ్ళిపోతే, ఆమె ఈ కుర్చీ వైపు తిరిగి ఎంతసేపు మాట్లాడుతూ కూర్చుంటుందో.