కొసరి వడ్డించిన నెయ్యి

ఈ రోజంతా ల్యాబ్‌లో మగ ఎలుకల ప్రోస్టేట్ గ్రంథుల్ని మైక్రోస్కోప్ కింద చూస్తూ కూర్చున్నాను. ఆ ఎలుకలు పాలు మానినప్పటి నుంచి మామూలు మేతే తిన్నాయి. కొవ్వు మేత తిన్నది వాటి తల్లీ తండ్రీ. అయినా వాపు మాత్రం పిల్లల గ్రంథుల్లో ఉంది.

సాయంత్రం అక్కడి నుంచే పక్క ఊరు నోవైలో ఉన్న నా స్నేహితురాలు సునీత ఇంటికి భోజనానికి వెళ్లాను. ఆమెకి ఏడో నెల, పుట్టబోయేది కొడుకు. డెలివరీకి సాయంగా గుంటూరు నుంచి వాళ్లమ్మ వచ్చారు. కూతురి పప్పన్నం మునిగేలా ఆవిడ నెయ్యి పోస్తున్నారు.

"కొంచెం తగ్గించకూడదా ఆంటీ?" అన్నాను.

"మగబిడ్డమ్మా, బలం ఉండొద్దూ? మా అల్లుడు కడుపులో ఉన్నప్పుడు మా వియ్యపురాలు కూడా ఇట్టాగే తిన్నదంట."

సునీత భర్త పక్కనే కూర్చుని అన్నం తింటున్నాడు. పోయిన వారమే ఆయనకి ప్రోస్టేట్ బయాప్సీ చేశారు. రిపోర్ట్ సోమవారం వస్తుంది. ఆంటీకి ఇంకా చెప్పలేదు.

ఎలుకలకు జరిగింది మనుషులకూ జరుగుతుందని నేను చెప్పలేను. జరగదనీ చెప్పలేను.

"తినండి బాబూ, మరీ చిక్కిపోయారు" అంటూ ఆవిడ అల్లుడికీ ఇంకో చెంచా వేశారు. ఆయన దాన్నీ కలుపుకున్నాడు.

ల్యాబ్‌లో ఎలుకలకు మేత తూచి పెడతాం. కొసరి కొసరి వడ్డించేది మనుషులకే. తర్వాత ఆ చెంచా నా వైపు వచ్చింది. నేనూ ప్లేటు చాచాను.

మీరైతే ఏం చేసేవారు?