కారులో జాగా

మునీశ్వరి పగబట్టిందంటే మొదట నేనే నమ్మలేదు. ఏడేళ్లుగా ఇద్దరం పుంగనూరులో ఒకే బస్సెక్కి మదనపల్లెకు ఉద్యోగానికి పోతున్నాం. నేనొక స్కూల్లో క్లర్కుని, ఆమె ఒక ప్రైవేటు కాలేజీలో అటెండరు. తెల్లవారకముందే లేచి రెండు సీమావుల పాలు పిండి, కేంద్రంలో పోసి, పిల్లలకు క్యారియర్లు కట్టి, ఏడున్నర బస్సుకు పరిగెత్తుకొచ్చే మనిషి. ఇద్దరి సీట్లో మూడో మనిషి వచ్చి కూర్చున్నా ఏమీ అనకుండా జరిగే మనిషి. అలాంటిది జనవరిలో ఒకరోజు నా పక్కన కూర్చుని, "అక్కా, దాన్ని ఏడిపించకపోతే నా పేరు మునీశ్వరి కాదు" అంది.

'అది' అంటే ఆమె తోడికోడలు అనిత. పుట్టిల్లు కుప్పం. అన్నదమ్ములవి పక్కపక్క ఇళ్లు, ఆవుల కొట్టం మాత్రం ఇద్దరికీ ఒకటే. జనవరి సెలవుల్లో అనిత, మొగుడు నరేష్, కూతురు భవ్య, కుప్పం నుంచి ఆమె అమ్మానాన్నా కలిసి అండమాన్ బయల్దేరారు. అంతకు పది రోజుల ముందు నుంచి, మునీశ్వరి కూతురు తేజస్విని కనిపించినప్పుడల్లా అనిత బుగ్గ గిల్లి, "నువ్వు గూడా వస్తావేమే మాతో, సముద్రం సూద్దాం" అనేది. తొమ్మిదేళ్ల పిల్లకు అది సరదా మాటని ఎలా తెలుస్తుంది? బయల్దేరే రోజు స్కూలు బ్యాగులో పుస్తకాలు తీసేసి, రెండు గౌన్లు, ఒక తువ్వాలు, దువ్వెన పెట్టుకుని వెళ్లి కారు తలుపు దగ్గర నిలబడింది.

అనిత నవ్వింది. "కారులో జాగా యాడుందమ్మా? ఇంకోసారి సూస్తాంలే" అంది. అంతటితో ఊరుకున్నా బాగుండేది. చేతిలో పాల బకెట్టు మునీశ్వరికి అందించి, "మా ఆవుల్ని గూడా నువ్వే సూసుకోవాలక్కా" అని కారెక్కింది.

ఆరు రోజులు మునీశ్వరి నాలుగు ఆవుల పాలు పిండింది. తిరిగొచ్చాక తేజస్వినికి గవ్వలు గుచ్చిన ఒక తాళంచెవుల గొలుసు ఇచ్చారు. ఆ పిల్ల తీసుకోలేదు. బ్యాగులోని గౌన్లు కూడా వారం దాకా బయటికి తీయలేదట. పుస్తకాలు గుడ్డసంచిలో వేసుకుని స్కూలుకు పోయిందట. వింటున్న నాకే అనిత మీద కోపమొచ్చింది.

ఆ రోజు నుంచి మా బస్సులో అండమాన్ తప్ప వేరే మాట లేదు. తన పిల్లల్ని తనే తీసుకుపోతానంటే, ఎండాకాలం సెలవుల్లో పొమ్మన్నాను. ఒప్పుకోలేదు.

"దసరా సెలవుల్లోనే పోతానక్కా. అప్పుడైతే వానలు పడతాంటాయి. కొట్టమంతా బురద. గడ్డి తడుస్తాది, దోమలు ముసురుకుంటాయి, ఆవులు తడితోకతో మొకాన కొడతాయి. అప్పుడు పిండాల అది, నా ఆవుల్ని."

పిల్లలతో సముద్రం చూడ్డానికి కావాలని వానాకాలం ఎంచుకున్న తల్లిని ఈమెనే చూశాను, అదీ తోడికోడలి కోసం. పైగా ఆమె ఆవుల్లో నల్లది ఒకటుంది. ఆమె చేతికి తప్ప చేపదు, పాలు వదలదు. కొత్త చెయ్యి తగిలితే బకెట్టును తన్నేస్తుంది. మనం లేనప్పుడు కష్టమవుతుంది, కాళ్లకు తాడు అలవాటు చెయ్యమని మొగుడు గంగాధర్ చెప్తే, "యాల? అట్లే ఉండనీ" అందట.

మదనపల్లె బస్టాండు దగ్గర ట్రావెల్స్ నడిపే అయాజ్ దగ్గరికి ఆమెను నేనే తీసుకుపోయాను. తారీఖులు విని అతను తల పట్టుకున్నాడు.

"వద్దమ్మా. ఆ టైములో సముద్రం మంచిగుండదు. దీవికీ దీవికీ తిరిగే పడవలు ఆపేస్తారు. పిల్లకాయల్ని అంత దూరం తీసుకుపోయి రూములో కూర్చోబెడతారా?"

"నాలుగు చినుకులకే ఆపేస్తారా?" అని ఇద్దరం ఒకేసారి అడిగాం. మా సీమలో వానొస్తే దండం పెట్టుకుంటారు గానీ ప్రయాణం మానుకోరు. అయాజ్ ఏమీ వాదించకుండా ఫోనులో వీడియో పెట్టాడు. కొబ్బరిచెట్లు నేలకు వంగిపోతున్నాయి. సముద్రం ఏదో ఆకాశం ఏదో తెలియడంలేదు. పిల్లలకు సముద్రం చూపాలా, అనితను బురదలో దింపాలా అన్నది అప్పుడు మునీశ్వరికి ఎదురైంది.

మర్నాటికి తేల్చేసుకుంది. పడవ ఎక్కరు. పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉండి, వాన తెరిపిచ్చినప్పుడల్లా రోడ్డు మీద పోగలిగిన బీచికి పోతారు. పిల్లలకు రెయిన్ కోట్లు, వాంతుల మాత్రలు, జ్వరం మందు, తలా రెండు తువ్వాళ్లు. "సముద్రంలో దిగేవాళ్లు వానకు బయపడతారా అక్కా?" అంది. అయాజ్ చేత టికెట్లు తీయించుకుంది.

బయల్దేరే ముందు వారంలో అసలు సంగతి నా చెవిలో వేసింది.

"భవ్యను గూడా రమ్మంటాండానక్కా, రోజూ. నమ్మింది పాపం. అది గూడా బ్యాగు సర్దుకుంటాది, కారు కాడ నిలబడతాది. అప్పుడు అంటాను, జాగా యాడుందమ్మా అని. అనిత కండ్లారా సూడాల."

భవ్యకు ఎనిమిదేళ్లు. ఇది తప్పని నాకు తెలుసు. కానీ వద్దని చెప్పలేదు. నాకూ అనిత ముఖం ఎలా మాడిపోతుందో చూడాలని ఉంది. అందుకే ఆ రోజు పొద్దున్నే సాగనంపే నెపంతో వాళ్లింటికి పోయాను. దసరా సెలవులు పిల్లలకే, క్లర్కులకు కాదు; అక్కణ్ణుంచే బస్సుకు పోవాలి.

రాత్రంతా కురిసిన వాన అప్పటికీ ఆగలేదు. బెంగళూరు ఎయిర్‌పోర్టుకు కారు సిద్ధంగా ఉంది. ముందు సీట్లో గంగాధర్, వెనక తేజస్విని, తమ్ముడు సాయి. తెరిచిన తలుపు దగ్గర భవ్య. వీపున స్కూలు బ్యాగు ఉబ్బి ఉంది, జిప్పులోంచి గౌను అంచు బయటికి వచ్చింది.

అనిత పరిగెత్తుకొచ్చింది. "ఇట్రా భవ్యా! నిన్నెవరు రమ్మన్నారు?"

"పెద్దమ్మ."

అనితకు అర్థమైంది. జనవరి మొత్తం ఆమె కళ్లముందు తిరిగినట్టుంది. "అక్కా, నన్నేమన్నా అను. అది సిన్నబిడ్డ" అంది మెల్లగా.

"నా కూతురు పెద్దదా?" అంది మునీశ్వరి.

అనిత ముఖం మాడిపోయింది. మునీశ్వరి ఆ ముఖాన్ని తనివితీరా చూసింది. తర్వాత కారులోకి వంగింది. "తేజూ, నిన్ను అడుగుతాండా. కారులో జాగా ఉండాదా?"

తేజస్విని భవ్య బ్యాగునే చూస్తూ ఉండిపోయింది.

"ఉండాది" అంది చివరికి, పక్కకు జరుగుతూ. "కిటికీ పక్క మాత్రం నాది. కారులోనూ, విమానంలోనూ."

భవ్య లోపలికి దూరింది. మునీశ్వరి హ్యాండుబ్యాగులోంచి టికెట్లు తీసి లెక్క చూసుకుంది. ఐదున్నాయి. నరేష్‌ను అడిగి భవ్య ఆధార్ కార్డు గంగాధర్ ముందే తీసుకున్నాడట. అనితకూ నాకూ మాత్రమే తెలియదు.

"తేజూ 'లేదు' అని ఉంటే?" అని అడిగాను.

"ఐదో టికెట్టు సించేసేదాన్ని" అంది. ఆ మాట అబద్ధం కాదు.

తర్వాత అరుగు మీది బకెట్టు తీసి అనిత చేతిలో పెట్టింది. "నల్లావు కొత్త చేతికి తంతాది. మా ఆవుల్ని గూడా నువ్వే సూసుకోవాల."

కారు మలుపు తిరిగే దాకా అనిత వానలోనే నిలబడింది. భవ్య వెనక్కి తిరిగి చూడలేదు. అనిత చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని, బురదలో దిగబడుతూ కొట్టంలోకి పోయింది. నేను గొడుగు పట్టుకుని గేటు దగ్గరే ఆగాను. కాసేపటికి లోపల బకెట్టు దొర్లిన చప్పుడు వినిపించాక, బస్సుకు బయల్దేరాను.